చాలన్న మాటకు మర్యాద

మధ్యాహ్నం ఒంటిగంటయ్యేసరికి మా కార్యాలయంలో పని తనంతట తానే ఆగిపోతుంది. గంట కొట్టేవారెవరూ లేరు. ఏదో ఒక మూల మొదటి క్యారేజీ మూత ఊడిన చప్పుడు వినబడుతుంది; ఆ వెనుకనే పులుసు వాసన వస్తుంది; ఇహ ఎంతటి అత్యవసరమైన కాగితమైనా రెండు గంటల దాకా ఆగవలసిందే.

ముత్తుకూరు దాటి కృష్ణపట్నం రేవు దిక్కుగా పోయే దారిలో మాదొక చిన్న కార్యాలయం. ఓడల్లో వచ్చే సరుకులకూ పోయే సరుకులకూ సంబంధించిన కాగితాలు చూడడం మా వృత్తి. మొత్తం పదకొండు మందిమి. పదకొండు క్యారేజీలు, ఒక్కొక్కదానికి నాలుగేసి గిన్నెలు, వెరసి నలభై నాలుగు గిన్నెలు పొడవాటి బల్ల మీద వరుసగా పరుచుకుంటాయి. ఎవరి గిన్నె వారు తినడమన్నది మాకు తెలియని విద్య. మామిడికాయ వేసిన చేపల పులుసు ఒకరిది, రొయ్యల ఇగురు ఒకరిది, గోంగూర పచ్చడి ఒకరిది, శుక్రవారమైతే పప్పుచారూ చిత్రాన్నమూ మరొకరివి. ఎవరి బిడ్డకైనా పరీక్ష గట్టెక్కితే నెల్లూరు నుంచి మలై కాజాల పెట్టె వస్తుంది. అన్నీ అందరివీ.

ఈ బల్ల దగ్గర నేను పదహారేళ్ళు భోంచేశాను. దాని ఫలితం నా నడుము చుట్టూ స్పష్టంగా కనబడుతున్నది. తిండి తగ్గించుకోవడం గురించి చెప్పేవారు లోకంలో కోకొల్లలు, వారి సరసన కూర్చునే అర్హత నాకు లేదు. అయితే ఒక బల్ల దగ్గర నలుగురితో కలిసి తింటూ తిండి తగ్గించుకోవడమనే పనిలో నేనొక పొరపాటు చేశాను. ఆ పొరపాటు వల్ల నాకు బోధపడిన ఒక్క సంగతి చెప్పుకోవాలని ఈ నాలుగు మాటలు.

రెండేళ్ళ క్రితం వైద్యుణ్ణి చూడబోయాను. నా ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 82 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు. మూడు నెలల సగటు చక్కెరను చెప్పే రక్తపరీక్షలో 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు మధుమేహానికి ముంగిలి అట, 6.5 దాటితే ఇంట్లోకి అడుగు పెట్టినట్లే. "ఇప్పుడు మీరు గడపలో నిలబడి ఉన్నారు" అన్నాడాయన. "లోపలికి రావద్దు. వెనక్కి తిరగండి."

నేను మరీ అంత లావుగా కనబడనే అని మనసులో అనుకున్నాను. ఆ ధీమా కూడా తప్పేనని తరువాత చదివితే తెలిసింది. ఎత్తుకూ బరువుకూ గల నిష్పత్తి 30 దాటితే స్థూలకాయమని పాశ్చాత్య దేశాల లెక్క. మన దేశపు వైద్యనిపుణులు 2009లో ఏకాభిప్రాయంతో ఆ గీతను మన వారికి 25 దగ్గర గీశారు. నడుము కొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదన్నారు. నా నిష్పత్తి 29. మనకు గీత ఇంత కిందికి ఎందుకు దిగిందో చెప్పే ఒక చిత్రమైన ఉదాహరణ ఉంది. 2004లో పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండు వైద్యుడు జాన్ యూడ్కిన్ కలిసి లాన్సెట్ పత్రికలో తమ ఫోటోనే అచ్చువేయించుకున్నారు. ఇద్దరికీ ఆ నిష్పత్తి 22.3, ఒక్క అంశం తేడా లేదు. కాని ఒంట్లో కొవ్వు చూస్తే ఆంగ్లేయుడికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం. సన్నగా కనబడుతూనే లోపల కొవ్వు దాచుకునే శరీరాలు మనవి. 2023లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉన్నది, మరో 13.6 కోట్ల మంది నావలె గడపలో నిలబడి ఉన్నారు.

ఇంటికి వచ్చి ఒక కాగితం మీద లెక్క వేసుకున్నాను. లెక్కలే నా బతుకు కదా! వండిన తెల్లన్నం 100 గ్రాములకు సుమారు 130 కెలోరీలు. మా బల్ల దగ్గర "ఇంకొక్క గరిటె" అంటూ పడే అన్నం తక్కువలో తక్కువ 150 గ్రాములు ఉంటుంది. దానిమీద పులుసు సంగతి వదిలేసినా 200 కెలోరీలకు దగ్గర. ఏడాదికి 250 పనిదినాలు. అంటే 50,000 కెలోరీలు. ఒక కిలో కొవ్వుకు 7,700 కెలోరీలన్న మోటు లెక్కన చూస్తే ఆరు కిలోలకు పైమాటే. నిజానికి శరీరం ఇంత సూటిగా లెక్క కట్టదు. బరువు పెరిగేకొద్దీ దాని ఖర్చూ పెరుగుతుంది కనుక అసలు పెరుగుదల ఇంతకంటె తక్కువే ఉంటుంది. అయినా ఆకలి తీరిన తరువాత, కేవలం మాట కాదనలేక తిన్న ఒక్క గరిటె విలువ ఇది.

అప్పుడు నాకు తోచిన ఉపాయం చాలా సులువైనది. బల్ల దగ్గరికి పోకుండా ఉంటే సరిపోతుంది!

ఆ మాట తప్పని శాస్త్రం కూడా అనదు. అమెరికాలో జాన్ డి కాస్ట్రో అనే పరిశోధకుడు 1980లలో మొదలుపెట్టి, జనంచేత తాము తిన్నవన్నీ చిట్టాలలో రాయించి చూశాడు. ఒంటరిగా తిన్నప్పటికంటె నలుగురితో తిన్నప్పుడు మనిషి ఎక్కువ తింటాడు. పక్కన కూర్చునేవారి సంఖ్య పెరిగేకొద్దీ భోజనమూ పెరుగుతుంది. 2019లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన హెలెన్ రడ్డక్, ఆమె సహచరులు అంతకు ముందరి అధ్యయనాలన్నింటినీ ఒకచోట చేర్చి పరిశీలించారు. తేలినదేమంటే, ఎక్కువ తినేది మిత్రులతో, బంధువులతో కూర్చున్నప్పుడే. ముక్కూ మొహం తెలియనివారి మధ్య అలా తినం. అంటే మనచేత అదనంగా తినిపించేది కూర రుచి ఒక్కటే కాదు, చనువు కూడా. అక్కడివారికి పక్కన కూర్చున్నవారు మాత్రమే ఉంటారు. మనకు పక్కన కూర్చుని వడ్డించేవారు కూడా ఉంటారు!

కనుక ఒక సోమవారం నాడు నా క్యారేజీ పట్టుకుని నా గదిలోనే కూర్చుండిపోయాను. రెండు పుల్కాలు, ఒక కూర, మజ్జిగ. పది నిమిషాలలో భోజనం ముగిసింది. "ఏంది సార్, రాలా?" అని ఒకరిద్దరు తలుపు దగ్గర నిలబడి అడిగారు. పని ఉందన్నాను. మరునాడూ పని ఉందన్నాను. మూడోనాడు అడగడం మానేశారు. మూడు వారాలలో రెండు కిలోలు తగ్గాను. నా మనోనిబ్బరానికి నేనే మురిసిపోయాను.

మా కార్యాలయంలో అటెండరుగా పనిచేసే ఒకామె ఉన్నది. యాభై దాటిన మనిషి. వయసులో చిన్నవాళ్ళం, పెద్దవాళ్ళం అందరం అక్కా అనే పిలుస్తాం. యానాదుల బిడ్డ. కండలేరు పాయ ఒడ్డున వాళ్ళ ఊరు. ఆమె భర్త పాయలో పీతలు పడతాడు. ఆమె క్యారేజీలో పీతల పులుసు వచ్చిన రోజున మిగిలిన నలభై మూడు గిన్నెలూ వెలవెలబోతాయి. ఆ గిన్నెలో మొదటి వాటా ఎప్పుడూ నాదే. "సారుకి పెద్దది తీసి పెట్టినా" అంటూ నా పళ్ళెంలో వేసేది. పదహారేళ్ళలో ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

మూడో వారం చివర మా కుర్రవాడొకడు ఏదో సంతకం కోసం నా గదికి వచ్చి, కాసేపు తటపటాయించి, "అన్నా, ఒకమాట అంటే ఏమనుకోరుగదా? అక్క ఈమధ్య గిన్నెలు తెచ్చి బల్ల మీద పెట్టడంలా. వెనక పంచలో ఒకతే కూర్చొని తింటా ఉంది. అడిగితే ఏం చెప్పడంలా" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీలోంచి లేవబుద్ధి కాలేదు.

నేను బల్ల దగ్గరికి పోవడం మానిన సోమవారానికి ముందటి శుక్రవారం ఆమె పీతల పులుసు తెచ్చింది. నేను అప్పటికే మనసులో లెక్కలు వేసుకుంటూ ఉన్నాను కనుక, ఆమె వేయబోతే పళ్ళెం మీద చెయ్యి అడ్డం పెట్టి "వద్దు, వద్దు" అని కాస్త గట్టిగానే అన్నాను. ఆ తరువాత ఇక బల్ల దగ్గరికే పోలేదు. ఆమె చూసింది ఆ రెండే. చెయ్యి అడ్డం పెట్టడం, లేచిపోవడం. నా రక్తపరీక్ష కాగితం ఆమె చూడలేదు కదా. ఆమె జన్మంతా, ఆమె తల్లి జన్మంతా, తమ గిన్నె ముందు ఇతరులు ఎందుకు చెయ్యి అడ్డం పెడతారో వాళ్ళకు తెలిసిన కారణం ఒక్కటే.

ఇది నేను ఊహించి రాస్తున్నది కాదు. ఆ సాయంత్రం ఆమె దగ్గరికి పోయి అడిగాను. చాలాసేపు ఏమీ లేదన్నది. చివరకు, "ఇన్నాళ్ళు తిన్నారు గదా సార్, ఎవరో ఏందో అనుంటారులే అనుకున్నా" అన్నది. కోపంగా అనలేదు. అలవాటైపోయిన విషయం చెప్పినట్లు చెప్పింది. ఆ చెప్పిన తీరే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

ఆరోగ్యం గురించి మాట్లాడే పుస్తకాలన్నీ తిండిని తిండిగానే చూస్తాయి. ఇన్ని పిండిపదార్థాలు, ఇంత మాంసకృత్తి, ఇంత కొవ్వు. పళ్ళెంలో పడిన పదార్థానికి అవి చెప్పేదంతా నిజమే. కాని మన దేశంలో ఒకరి గిన్నెలోంచి మరొకరి పళ్ళెంలోకి పడే ముద్దకు ఇంకొక లెక్క కూడా ఉంది. ఎవరి చేతి వంట ఎవరు తింటారు, ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారు అన్న ప్రశ్నల మీద మన సమాజం వందల ఏళ్ళు నడిచింది. మా తాత కాలంలో ఇదే తీరంలో ఇటువంటి బల్ల ఊహకైనా అందేది కాదు. బల్ల ఉన్నా, దాని చుట్టూ కూర్చునే పదకొండు మందిలో సగం మంది గుమ్మం బయటే నిలబడి ఉండేవారు.

ఆ గుమ్మం దాటించడానికి ఎందరు శ్రమపడ్డారో నెల్లూరు సీమవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. మైపాడుకు పోయే దారిలో, పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921 ఏప్రిల్ 7న గాంధీజీ చేతుల మీదుగా పినాకినీ సత్యాగ్రహాశ్రమం ప్రారంభమైంది. గాంధీజీ ఆశ్రమాలకు విధించుకున్న వ్రతాలలో అస్పృశ్యతా నివారణ ఒకటి, నాలుకను అదుపులో పెట్టుకోవడమనే అస్వాదవ్రతం మరొకటి. నాకు ఆశ్చర్యం కలిగించే విషయమేమంటే ఆ రెండూ ఒకే జాబితాలో ఉండడం. నాలుకను అదుపు చేసుకోవడానికి పంక్తిలోంచి లేచిపోనక్కరలేదని ఆయన ఉద్దేశమన్నమాట. నేను రెండో వ్రతం పట్టబోయి మొదటిదాన్ని భంగం చేశాను, అదీ తెలియకుండా.

పొట్టి శ్రీరాములు గారిని మనం 1952లో 58 రోజుల నిరాహారదీక్ష చేసి ఆంధ్రరాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన మనిషిగా ఎరుగుదుం. 2008లో మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అంతకు ఆరేళ్ళ ముందే, 1946లో, నెల్లూరు మూలపేట వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనులను రానివ్వాలని ఆయన నిరాహారదీక్షకు కూర్చున్న సంగతి అంతగా చెప్పుకోము. ఒక మనిషి తిండి మానితే అది ఇతరులను లోపలికి పిలవడానికి కావచ్చునని ఆయన చూపించాడు. నేను తిండి తగ్గిస్తే ఒక మనిషి పంచలోకి పోయింది. రెండింటినీ పోల్చడం తగదని తెలుసు. అయినా ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది అదే.

మరి ఏం చేయాలి? మళ్ళీ వెనకటివలె ఆమె వేసినదల్లా తిని, రెండో గరిటె, మూడో గరిటె కాదనక, చక్కెరను 6.5 దాటించుకోవాలా? అదే మర్యాద అనుకునేవారు మనలో చాలామందే ఉన్నారు. నేను ఒప్పుకోను. మొహమాటానికి పోయి తినడం మర్యాద కాదు, అదొక రకం అబద్ధం. ఆ అబద్ధాన్ని మనం ఎంత కాలంగా ఆడుతున్నామంటే, ఇప్పుడు నిజం చెప్పినా ఎవరూ నమ్మని స్థితికి వచ్చాం.

చూడండి, మన భోజనాల దగ్గర "వద్దు" అనే మాటకు అర్థమేమిటి? మొదటిసారి అంటే మొహమాటపడుతున్నాడని. రెండోసారి అంటే కాస్త బతిమాలమని. మూడోసారి అంటే కోపమొచ్చిందని. ఈ మూడింటిలో ఎక్కడా "నాకు వద్దు" అన్న అర్థం లేదు! తినేవాడు కావాలని ఉన్నా మొదట వద్దంటాడు; పెట్టేవాడు వద్దన్నా వినకుండా వేస్తాడు. ఇద్దరూ కలిసి ఆ మాటను అరగదీశారు. అందుకే నిజంగా వద్దనుకున్నవాడు చెయ్యి అడ్డం పెట్టవలసి వస్తున్నది, గొంతు పెంచవలసి వస్తున్నది, లేక నావలె లేచిపోవలసి వస్తున్నది.

వడ్డించేవారిని తప్పుపట్టే ముందు ఆ అలవాటు ఎక్కడిదో కూడా తలచుకోవాలి. మా నాయనమ్మ ఎవరికి పెట్టినా కొసరి కొసరి పెట్టేది. ఆమె పెరిగిన రోజుల్లో రెండో గరిటె అన్నది ఉన్న ఇళ్ళలో మాత్రమే ఉండే వస్తువు. అడగడానికి సిగ్గుపడే ఆకలి అప్పుడు ఉండేది కనుక, అడగకుండానే పెట్టడం దయ. వద్దన్నా పెట్టడం ఇంకా పెద్ద దయ. ఆ కాలానికి అది న్యాయమే. కరువు పోయింది; దయ చూపే పద్ధతి మాత్రం మారలేదు. ఒళ్ళొంచి పనిచేసి వచ్చినవాడికి పెట్టినట్లే, పొద్దుట నుంచి కుర్చీలోంచి లేవని నాబోటివాడికీ పెడుతున్నాం.

ఇక్కడే మన పెద్దలు ఎప్పుడో చెప్పిన మాట ఒకటి నాకు దారి చూపింది. అన్ని దానాలలోకీ అన్నదానం గొప్పదంటారు. ఎందుచేత? బంగారమిచ్చినా, భూమి ఇచ్చినా పుచ్చుకునేవాడు ఇంకా కావాలంటాడు. అన్నం పెడితే మాత్రమే ఏదో ఒక క్షణాన "చాలు" అంటాడు. ఈ మాట చిన్నప్పటి నుంచీ వింటున్నదే. దానిలోని అర్థం మాత్రం ఇన్నాళ్ళకు తలకెక్కింది. పెట్టినవాడి పుణ్యం పూర్తయ్యేది పుచ్చుకున్నవాడు చాలన్నప్పుడే. చాలన్న మాట దాతకు అందవలసిన దక్షిణ. ఆ మాట పడిన తరువాత కూడా ఇంకో గరిటె వేసేవాడు తన దానాన్ని తానే చెడగొట్టుకుంటున్నాడు. అలాగే, అసలు పళ్ళెమే పట్టనివాడు చాలనే అవకాశాన్ని కూడా వదులుకుంటున్నాడు. మొదట "పెట్టు" అన్నవాడికే తరువాత "చాలు" అనే హక్కు. నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. పుచ్చుకోకుండానే చాలన్నాను.

మా నెల్లూరులో మొహరం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర, బారా షహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక ఉన్నవారు రొట్టె పుచ్చుకుంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు వచ్చి రొట్టె ఇస్తారు. ఉద్యోగానికొక రొట్టె, పెళ్ళికొక రొట్టె, ఆరోగ్యానికొక రొట్టె. ఇచ్చేవారెవరో, పుచ్చుకునేవారెవరో, ఏ మతమో ఒకరికొకరు తెలియదు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి రొట్టె మార్చుకుంటారు. అక్కడ రొట్టె ఎంత పెద్దదని ఎవరూ కొలవరు. చేతిలోంచి చేతిలోకి అది మారడమే అసలు సంగతి. మా కార్యాలయపు బల్లకు కూడా ఈ న్యాయం వర్తింపజేయవచ్చు కదా అనిపించింది.

మరునాడు ఒంటిగంటకు నా పుల్కాలు పట్టుకుని బల్ల దగ్గరికి పోయాను. అక్కను కూడా రమ్మని నేనే పోయి పిలిచాను. అందరి ముందూ నా రక్తపరీక్ష కాగితం బల్ల మీద పెట్టి సంగతి చెప్పాను. నిజం చెబితే కొంత సిగ్గుపడ్డాను. మనకు జబ్బు కంటె జబ్బు సంగతి చెప్పుకోవడమే పెద్ద కష్టం. తీరా చెప్పేసరికి మరో ఇద్దరు తమ కాగితాల సంగతీ బయటపెట్టారు. పదకొండు మందిలో ముగ్గురం ఒకే గడపలో నిలబడి, ఒకరికొకరం మలై కాజాలు తినిపించుకుంటూ ఉన్నామన్నమాట!

ఆనాడు మేము పెట్టుకున్న కట్టుబాట్లు నాలుగే. ఒకటి: ఎవరూ ఎవరికీ వడ్డించకూడదు, గిన్నెలు మధ్యలో ఉంటాయి, ఎవరికి కావలసింది వారే వేసుకోవాలి. రెండు: ప్రతివారూ ప్రతి గిన్నెలోంచి ఒక్క చెంచా అయినా రుచి చూడాలి, ఏ గిన్నెనూ దాటిపోకూడదు. మూడు: చాలన్న మాటను మొదటిసారే నమ్మాలి. దానికి బదులుగా, కావాలని ఉన్నవాడు వద్దనకూడదు. నాలుగు: పుట్టినరోజులకూ పరీక్షలకూ విడివిడిగా కాక, నెలకొక్కసారి కలిపి మిఠాయి తెప్పించాలి. అన్నం మాత్రం ఎవరి గిన్నెలోది వారిదే.

అన్నం సంగతి ప్రత్యేకంగా ఎందుకంటే, మాది మొలగొలుకులు పండించిన నేల. అన్నాన్ని తూలనాడితే నా నోటికే మంచిది కాదు. కాని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలలో, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం మించరాదని, కూరగాయలూ పండ్లూ కలిపి 500 గ్రాముల దాకా ఉండాలని చెప్పారు. మా పళ్ళాలలో ఈ లెక్క పూర్తిగా తలకిందులుగా ఉండేది. పులుసు అన్నాన్ని రమ్మంటుంది, అన్నం మళ్ళీ పులుసును రమ్మంటుంది. ఈ పిలుపులకు అంతు ఉండదు. అన్నం కొలిచి తెచ్చుకుంటే పులుసు దానంతటదే హద్దులో ఉంటుంది.

ఇది జరిగి పధ్నాలుగు నెలలయింది. నా బరువు ఇప్పుడు 77 కిలోలు, నడుము 96 సెంటీమీటర్లు, రక్తపరీక్షలో 5.9. గొప్ప విజయమేమీ కాదు. గడప ఇంకా పూర్తిగా దిగలేదు. గదిలో ఒంటరిగా కూర్చుని ఉంటే ఇంకా త్వరగా తగ్గేవాణ్ణేమో. సంక్రాంతి వారంలో మా కట్టుబాట్లన్నీ అటకెక్కాయి. అరిసెల ముందు ఎవరి నిబ్బరమూ నిలవలేదు. ఒక పదవీ విరమణ విందులో పాత అలవాటు కొద్దీ నేనే ఒకరి పళ్ళెంలో బలవంతంగా వడ వేసి చీవాట్లు తిన్నాను. ఏ మాటకామాటే చెప్పుకోవాలి.

అయితే ఒక మార్పు మాత్రం స్థిరంగా నిలిచింది. అక్క మళ్ళీ తన గిన్నె తెచ్చి బల్ల మధ్యలో పెడుతున్నది. మొదట్లో కొన్నాళ్ళు బల్ల చివర కూర్చునేది. ఇప్పుడు మామూలుగా తన చోటనే కూర్చుంటున్నది. పీతల పులుసు వచ్చిన రోజున నేను మొట్టమొదట ఆ గిన్నెలోంచే వేసుకుంటాను. ఒక్క ముక్క, రెండు చెంచాల పులుసు. "అంతేనా సార్?" అంటుంది. "చాలక్కా" అంటాను. నవ్వి ఊరుకుంటుంది. ఆ చాలన్న మాట ఇప్పుడు ఆమెకు మరోలా వినబడడం లేదు. దానికి ముందు నేను పుచ్చుకున్నాను కనుక.

కొందరు మిత్రులు నాతో వాదించారు. తిండి దగ్గర కూడా చట్టాలేమిటి, కలిసి తినే సంతోషమంతా పోదా అన్నారు. ఆ భయం నాకూ ఉండేది. కాని చూస్తే, మా బల్ల దగ్గర మాటలు తగ్గలేదు, నవ్వులు తగ్గలేదు. తగ్గినది బతిమాలుకోవడం మాత్రమే. ఆ బతిమాలుకోవడాన్నే ఇన్నాళ్ళూ ప్రేమ అని పొరబడ్డామేమో. ఇంకొందరు, ఇంత రాద్ధాంతం దేనికి, నోరు కట్టుకుంటే సరిపోదా అన్నారు. నోరు కట్టుకోవడం ఒక్క మనిషి చేయగలిగిన పనే. కాని ఒకడు నోరు కట్టుకున్నప్పుడు ఎదుటివారి మొహం ఎందుకు చిన్నబోతున్నదో చూడనివాడి నిగ్రహం నాకు అంత గొప్పగా కనబడడం లేదు. మూడు వారాలు నేను అలా ఉండి చూశాను కనుక అంటున్నాను.

మీలో చాలామంది కూడా రోజుకొక పూట కార్యాలయాలలోనే భోంచేస్తారు. మీ బల్లల దగ్గర ఈ వ్యవహారం ఎలా నడుస్తున్నది? చాలన్న మాటను మొదటిసారే నమ్మేవారున్నారా? ముఖ్యంగా, మీరు ఎవరి గిన్నె ముందు చెయ్యి అడ్డం పెట్టారో, దాన్ని వారు ఏమని అర్థం చేసుకున్నారో ఎప్పుడైనా అడిగి చూశారా? చూడకపోతే, రేపు ఒంటిగంటకు ఒకసారి అడగండి.